నువ్వా నేనా అన్న బాక్సింగ్ పోరుకు స్కోరు ఎలా వేయాలి

అమెరికాలో శనివారం రాత్రి జరిగే పెద్ద బాక్సింగ్ పోటీలు మనకు ఆదివారం పొద్దున టిఫిన్ వేళకు వస్తాయి. పన్నెండు రౌండ్లూ అయ్యాక బాక్సర్లు ఇద్దరూ తానే గెలిచినట్టు చేతులు పైకెత్తి తిరుగుతారు. రిఫరీ చెరో మణికట్టూ పట్టుకుని మధ్యలో నిలబడతాడు. అనౌన్సర్ ముగ్గురు జడ్జిల స్కోరు కార్డులు చదువుతాడు. మరుక్షణం మన హాల్లోనూ, ఫోన్లోనూ ఒకటే మాట: "జడ్జిలు అమ్ముడుపోయారు."

ఆ మాట అనేముందు ఒక్క పోటీకి మీరే స్కోరు వేసి చూడండి. రెండో రౌండుకే చెమటలు పడతాయి.

1987 ఏప్రిల్ 6న లాస్ వేగస్‌లో మార్విన్ హ్యాగ్లర్, షుగర్ రే లెనార్డ్ తలపడ్డారు. ఒక జడ్జి 115-113తో హ్యాగ్లర్ గెలిచాడన్నాడు. ఇంకొకరు అదే 115-113తో లెనార్డ్ గెలిచాడన్నారు. మూడో ఆయన కార్డు లెనార్డ్‌కి 118-110. బెల్టు లెనార్డ్‌కి వెళ్లింది, హ్యాగ్లర్ మళ్లీ రింగులోకి దిగలేదు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఈ తగువు తెగలేదు. నా మటుకు ఆ మూడో కార్డు మింగుడుపడదు. మిగతా రెండూ ఒకదానికొకటి ఎదురైనా రెండూ నిజాయతీగా వేసినవే కావచ్చు. ఇద్దరూ చూసింది ఒకే పోటీ, కానీ వాడిన తూకంరాయి వేరు. మీది ఏ తూకంరాయో తెలుసుకుని స్కోరు వేయడం ఎలాగో ఇక్కడ చెబుతాను. ఒక నోటుబుక్కు, పెన్ను, మ్యూట్ బటన్ పనిచేసే రిమోట్ ఉంటే చాలు.

1. ముందు లెక్క వంటబట్టించుకోండి

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో వాడేది "టెన్ పాయింట్ మస్ట్" పద్ధతి. రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9. దెబ్బకు కిందపడితే (నాక్‌డౌన్) ఇంకో పాయింటు పోయి 10-8 అవుతుంది. ఒకే రౌండులో రెండుసార్లు పడితే మామూలుగా 10-7. ఫౌల్‌కి రిఫరీ పాయింటు కోస్తే అది విడిగా తీసేస్తారు. ఎవరిదో తేలకపోతే 10-10 ఇవ్వొచ్చు గానీ, చాలాచోట్ల జడ్జిలకు అది వీలైనంత మానుకోమనే చెబుతారు.

ఇందులో కొత్తవాళ్లు పట్టించుకోని సంగతి ఒకటుంది. రౌండంతా చితక్కొట్టి గెలిచినా 10-9, వెంట్రుకవాసిలో గెలిచినా 10-9. (పడకపోయినా బాగా దెబ్బలు తిన్న రౌండుకు 10-8 ఇచ్చే జడ్జిలు ఉన్నారు గానీ తక్కువ.) ఒకడు నాలుగు రౌండ్లు ఎదుటివాణ్ని ఉతికి ఆరేసి, మిగతా ఎనిమిదీ వెంట్రుకవాసిలో పోగొట్టుకున్నాడనుకోండి. 116-112తో ఓడిపోతాడు. చూసినవాళ్లకు మాత్రం ఆ నాలుగు రౌండ్లే గుర్తుంటాయి. గొడవల్లో సగం ఇక్కడ పుట్టేవే.

కార్డు చదవడానికి ఒక చిట్కా చెబుతాను. ఇద్దరి అంకెలూ కూడండి. పన్నెండు రౌండ్లలో ఎవరూ పడకుండా, పాయింటు కోత లేకుండా, ప్రతి రౌండూ ఎవరో ఒకరికి ఇస్తే మొత్తం 228 రావాలి. ఒక్కో నాక్‌డౌన్‌కి ఒకటి తగ్గుతుంది, ఒక్కో 10-10కి ఒకటి పెరుగుతుంది. 2018 డిసెంబర్‌లో టైసన్ ఫ్యూరీ, డియోంటే వైల్డర్ మొదటి పోటీ కార్డులు 115-111, 114-112, 113-113. మొదటిది వైల్డర్‌కి, రెండోది ఫ్యూరీకి, మూడోది సమం. ఏ కార్డు కూడినా 226. ఎక్కడో రెండు పాయింట్లు పోయాయని పోటీ చూడకుండానే చెప్పొచ్చు. ఫ్యూరీ రెండుసార్లు కిందపడ్డాడు.

ఇప్పుడు 1993 సెప్టెంబర్‌లో శాన్ ఆంటోనియోలో జరిగిన పర్నెల్ విటేకర్, హూలియో సీజర్ చావెజ్ పోటీకి రండి. విటేకర్ గెలిచాడని ఎక్కువమంది అనుకున్నారు. ఒక జడ్జి 115-113తో విటేకర్‌కి ఇచ్చాడు, మిగతా ఇద్దరూ 115-115 అన్నారు. ఫలితం డ్రా. కూడి చూడండి. మొదటి కార్డు 228. మిగతా రెండూ 230, అంటే ఆ ఇద్దరూ కనీసం రెండేసి రౌండ్లు ఎవరికీ ఇవ్వకుండా సమం చేశారు. తేలని రౌండును సమం చేయాలా, ఎలాగోలా ఒకరికి తేల్చాలా అన్నది కూడా ఒక తూకంరాయే. ఆ రెండు రౌండ్లూ విటేకర్ వైపు తేల్చి ఉంటే ఆ కార్డులు 115-113 అయ్యేవి.

మీరు మాత్రం మొదట్లో 10-10 ఇవ్వకండి. అలవాటైతే అది బద్ధకానికి దారి. పన్నెండు రౌండ్లలో ఒక్కసారి తప్పనిసరైతే సరే.

బ్రిటన్‌లో ఒకప్పుడు పాయింటును కూడా ముక్కలు చేసేవాళ్లు. 1971లో వెంబ్లీలో హెన్రీ కూపర్, జో బగ్నర్ పదిహేను రౌండ్లు ఆడితే, ఒక్కడే స్కోరు వేసే రిఫరీ హ్యారీ గిబ్స్ బగ్నర్‌ని పావు పాయింటు తేడాతో గెలిపించాడు. పావు పాయింటు! కూపర్ మళ్లీ బాక్సింగ్ ఆడలేదు. ముగ్గురు జడ్జిలుంటేనే ఇంత గొడవైతే, ఒక్క మనిషి భుజాల మీద పావు పాయింటు పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

2. జడ్జి చూడాల్సినవి నాలుగు

శుభ్రంగా తగిలిన దెబ్బలు, ఫలితమిచ్చే దూకుడు, రింగుపై పట్టు, కాచుకోవడం. రూలుబుక్కులో ఉండేవి ఈ నాలుగే.

శుభ్రమైన దెబ్బ అంటే గ్లవ్‌లో పిడికిలి కణుపుల భాగం తలకు ముందో పక్కలో, నడుముపట్టీకి పైన ఒంటి మీదో నేరుగా తగలాలి. మోచేతుల మీదా, గ్లవ్స్ మీదా పడింది లెక్కలోకి రాదు. టీవీలో ధబధబ చప్పుడు చేసేవాటిలో చాలా భాగం ఇలా అడ్డుపెట్టిన చేతుల మీద పడేవే. ఇక దూకుడు. ముందుకు నడవడం ఒక్కటే దూకుడు కాదు. ముందుకెళ్లి కొట్టాలి, తగలాలి. ముఖం ముందుపెట్టి దెబ్బలు తింటూ నడిచేవాడికి మార్కులు వేయనక్కర్లేదు. రింగుపై పట్టు అంటే పోరు ఎవరికి నచ్చినట్టు సాగుతోందన్నది. పొడవైనవాడు దూరం నుంచి ఆడాలనుకుంటాడు, పొట్టివాడు ఒంటికి అతుక్కుని ఆడాలనుకుంటాడు. ఈ మూడు నిమిషాల్లో ఎవరి మాట చెల్లింది? కాచుకోవడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. దెబ్బ తప్పించుకోవడం గొప్పే కానీ తిరిగి కొట్టకపోతే రౌండు రాదు.

ఈ నాలుగింటికీ బరువులు ఎంతెంతో రూలుబుక్కు అంకెల్లో చెప్పదు. శుభ్రమైన దెబ్బే ముందు అని అందరూ ఒప్పుకుంటారు. మరి పది తేలిక దెబ్బలు ఎక్కువా, మూడు బరువైన దెబ్బలు ఎక్కువా? అక్కడికొచ్చేసరికి జడ్జిలు చీలిపోతారు.

3. గంట కొట్టకముందే మీ తూకంరాయి ఎంచుకోండి

నా లెక్కలో జడ్జిలు నాలుగు రకాలు. ఈ పేర్లు నేను పెట్టుకున్నవి.

మొదటిది లెక్కల మనిషి. తగిలినవన్నీ లెక్కపెడతాడు. అతనికి జ్యాబ్ కూడా దెబ్బే, పక్కనుంచి చేయి వంచి కొట్టే హుక్ కూడా దెబ్బే. ముందు చేత్తో టక్కుటక్కున పొడిచే జ్యాబ్‌తో రౌండంతా నడిపినవాడు ఇతని కార్డులో గెలుస్తాడు.

రెండోది దెబ్బ బరువు చూసే మనిషి. ఎవరి మోకాళ్లు వణికాయి, ఎవరు నోరు తెరిచి గాలి పీల్చారు, ఎవరు పొట్టమీద దెబ్బకు మోచేయి దించారు అని చూస్తాడు. పదిహేను జ్యాబ్‌లు తిన్నవాడు ఒక్క కుడిచేతి దెబ్బతో ఎదుటివాణ్ని తూలేలా చేస్తే ఇతను ఆ రౌండు రాసేస్తాడు.

మూడోవాడికి ముందడుగు వేసేవాడు ఇష్టం. పోరును తెచ్చింది ఎవరు, వెనక్కి నడిచింది ఎవరు? ఇతనికి కాళ్లు ముఖ్యం. రూలు ప్రకారం దూకుడుకు "ఫలితమిచ్చే" అన్న విశేషణం ఉందని ఇలాంటివాళ్లు ఒక్కోసారి మరిచిపోతారు.

నాలుగోవాడు పనితనం మెచ్చేవాడు. వెనక్కి జరుగుతూ, తల పక్కకు తప్పిస్తూ, ఎదుటివాడు గాలిని కొట్టాక శుభ్రంగా ఒకటి తగిలించేవాణ్ని చూస్తే ఇతని కళ్లు మెరుస్తాయి. నేను ఈ బాపతే. ఒప్పుకోవడానికి మొహమాటమేం లేదు.

ఇప్పుడు ఈ నలుగురినీ 2017 సెప్టెంబర్ 16న లాస్ వేగస్‌లో కూర్చోబెట్టండి. రింగులో గెన్నాడీ గోలోవ్‌కిన్, కనెలో ఆల్వరెజ్. గోలోవ్‌కిన్ పోటీ పొడుగునా ముందుకే నడిచాడు, జ్యాబ్‌తో కనెలోని తాళ్లదాకా తోశాడు. కనెలో తాళ్లకు ఆనుకుని తల ఊపుతూ తప్పించుకున్నాడు, మధ్యమధ్యలో బరువైన ఎదురుదెబ్బలు తగిలించాడు. పంచ్‌లు లెక్కపెట్టే కాంప్యూబాక్స్ సంస్థ లెక్కలో గోలోవ్‌కిన్ 703 విసిరితే 218 తగిలాయి, కనెలో 505 విసిరితే 169. మొత్తం లెక్క చూస్తే గోలోవ్‌కిన్‌దే పైచేయి. నూటికి ఎన్ని తగిలాయని అడిగితే కనెలోవి సుమారు 33, గోలోవ్‌కిన్‌వి 31. చూశారా, అంకెలు కూడా మీరు ఏది అడిగితే దానికే జవాబిస్తాయి.

లెక్కల మనిషీ, ముందడుగు మనిషీ గోలోవ్‌కిన్ వైపు. పనితనం మెచ్చేవాడు కనెలో వైపు జారతాడు. బరువు చూసేవాడు రౌండు రౌండుకూ అటూ ఇటూ ఊగుతాడు. అసలు కార్డులు ఇవి: డేవ్ మొరెటీ 115-113 గోలోవ్‌కిన్, డాన్ ట్రెల్లా 114-114, అడలెయిడ్ బర్డ్ 118-110 కనెలో. ఫలితం డ్రా. పనితనం వైపు మొగ్గే నేను కూడా ఆ 118-110ని సమర్థించలేను. కనెలోకి పది రౌండ్లు ఇవ్వాలంటే గోలోవ్‌కిన్ స్పష్టంగా గెలిచిన రౌండ్లు కూడా లాక్కోవాలి. అది ఎలా తేల్చాలో ఐదో మెట్టులో చెబుతాను. ఇంకో తమాషా: అంతకు ముప్పై ఏళ్ల ముందు హ్యాగ్లర్ పోటీలో లెనార్డ్‌కి 115-113 ఇచ్చింది కూడా ఈ మొరెటీయే.

సరే, మీరు ఎవరు? పోటీకి ముందే నోటుబుక్కు పైన ఒక్క వాక్యం రాయండి. "నేను ముందు శుభ్రమైన దెబ్బలు చూస్తాను. అవి సమానమైతే బరువు చూస్తాను. అదీ సమానమైతే రింగుపై పట్టు." ఇలా ఏదో ఒకటి. ఏది రాశారన్నదానికంటే, మొదటి రౌండు నుంచి పన్నెండో రౌండుదాకా అదే రాయి వాడారా అన్నది ముఖ్యం. మనకు నచ్చినవాడు జ్యాబ్‌లు కొడితే లెక్కపెట్టి, నచ్చనివాడు జ్యాబ్‌లు కొడితే "వాటిలో బరువేముంది" అనేవాళ్లే ఎక్కువ. నేనూ చాలాకాలం అదే పని చేశాను.

4. చూడటంలో కొన్ని జాగ్రత్తలు

మ్యూట్ నొక్కండి. ఇది అన్నిటికంటే తేలికైన పని, అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది. సొంతూరి బాక్సర్ గ్లవ్స్ మీద కొట్టినా హాలంతా హోరెత్తుతుంది, ఎదుటివాడి దెబ్బ దవడకు తగిలినా చప్పుడుండదు. కామెంటేటర్లు మొదటి మూడు రౌండ్లకే ఒక కథ అల్లుకుని, మిగతాదంతా ఆ కథలోకి లాగుతారు. శబ్దం లేకుండా చూస్తే కళ్లు తప్ప ఇంకేం పనిచేయవు.

రౌండు అవగానే రాయండి. మధ్యలో ఉండేది ఒక్క నిమిషం. అసలు జడ్జి ఆ నిమిషంలోనే తన చీటీ ఇచ్చేస్తాడు, తర్వాత దిద్దుకునే వీలుండదు. మీకూ అదే నియమం. స్లో మోషన్ రీప్లే వచ్చేలోపు పెన్ను కాగితం మీద ఉండాలి, ఎందుకంటే రీప్లేలో చూపించే ఒకే ఒక దెబ్బ మిగతా రెండు నిమిషాల యాభై సెకన్లనీ తుడిచేస్తుంది.

చివరి అరనిమిషం దగ్గర జాగ్రత్త. లెనార్డ్ హ్యాగ్లర్ మీద వాడిన ఎత్తు ఇదే. రౌండు చివర్లో ఒక్కసారిగా దెబ్బల వాన కురిపించేవాడు. వాటిలో చాలావాటికి బరువు లేదు, కానీ జడ్జి పెన్ను పట్టుకునేటప్పుడు కళ్లముందు ఆడేవి అవే. దీనికి విరుగుడుగా నేను రౌండును మూడు నిమిషాలుగా విడగొట్టి, ఒక్కో నిమిషానికి పేజీ మార్జిన్‌లో ఎరుపో నీలమో ఒక చుక్క పెడతాను (ఒక బాక్సర్‌కి ఎరుపు, ఇంకొకరికి నీలం). చివరి నిమిషానికి ఒకే చుక్క, మొదటి నిమిషానికీ ఒకే చుక్క. రెండు చుక్కలు ఎవరివైతే రౌండు వాళ్లదని కాదు, ఒక్క నిమిషంలో పడిన పెద్ద దెబ్బ మిగతా రెంటినీ మించొచ్చు. అయినా చుక్కలు చూస్తే మొదటి నిమిషంలో ఏం జరిగిందో గుర్తొస్తుంది.

హ్యాగ్లర్ సంగతి కూడా చెప్పాలి. ఎడమచేతివాటంగా ఆడటంలో పేరుమోసినవాడు, ఆ పోటీ మొదటి రౌండ్లు కుడిచేతివాటంగా ఆడాడు. లెనార్డ్ వాటిని చక్కగా ఎగరేసుకుపోయాడు. పన్నెండు రౌండ్ల పోటీలో రెండు రౌండ్లు దానం చేస్తే 115-113లు ఎటు తిరుగుతాయో లెక్క మీకు తెలిసిందే.

ఇంకొకటి, మీకూ రింగు పక్కన కూర్చున్న జడ్జికీ కనిపించేది ఒకటి కాదు. ముగ్గురు జడ్జిలు మూడు పక్కల, నేలకు దగ్గరగా, తాళ్ల సందుల్లోంచి చూస్తారు. బాక్సర్ వీపు అడ్డొస్తే పొట్టమీద దెబ్బ తగిలిందో మోచేతికి తగిలిందో తెలియదు. మీకు కెమెరా మారుతుంది, వాళ్లకు కుర్చీ మారదు. అయితే దెబ్బ బరువు వాళ్లకు తెలిసినట్టు మీకు తెలియదు. ఆ చప్పుడు, ఆ మూలుగు టీవీలో సరిగ్గా రావు. అందుకే టీవీ ప్రేక్షకులు తెలియకుండానే లెక్కల మనుషులవుతారు, ఆ రాయి వాళ్లు ఎంచుకున్నది కాకపోయినా సరే.

తెర మీద వచ్చే పంచ్‌ల లెక్కలు చివరిదాకా చూడకండి. అవి కూడా మనుషులు కంటితో చూసి మీటలు నొక్కగా వచ్చినవే, జడ్జిలకు ఇవ్వరు కూడా. కానీ 1999లో లెనాక్స్ లూయిస్, ఇవాండర్ హోలీఫీల్డ్ మొదటి పోటీ లాంటి చోట అవి పనికొస్తాయి. లూయిస్‌వి 348 తగిలాయి, హోలీఫీల్డ్‌వి 130. అయినా డ్రా అన్నారు, ఒక జడ్జి ఏకంగా హోలీఫీల్డ్‌కే 115-113 ఇచ్చింది. ఇంత తేడాను ఏ తూకంరాయీ పూడ్చలేదు. అంటే అంకెలు స్కోరు వేయడానికి కాదు, వేశాక అనుమానం తీర్చుకోవడానికి.

5. తేలని రౌండ్లకు ప్రశ్నార్థకం పెట్టండి

ఈ ఒక్క అలవాటు మిమ్మల్ని మామూలు అభిమానుల నుంచి వేరు చేస్తుంది. రౌండు ఎవరికో ఒకరికి ఇవ్వండి, కానీ మనసులో ఊగిసలాట ఉంటే పక్కన "?" పెట్టండి. పోటీ అయ్యాక మూడు లెక్కలు తీయండి: ఎర్రవాడికి స్పష్టంగా వచ్చినవి ఎన్ని, నీలంవాడికి స్పష్టంగా వచ్చినవి ఎన్ని, ప్రశ్నార్థకాలు ఎన్ని.

ఎర్రవాడికి 5, నీలంవాడికి 4, ప్రశ్నార్థకాలు 3 అనుకుందాం. మూడూ ఎర్రవాడికి పడితే 8-4, అంటే 116-112. మూడూ నీలంవాడికి పడితే 7-5, అంటే 115-113. ఈ రెంటి మధ్య వచ్చే ఏ కార్డయినా నిజాయతీ కార్డే, విజేత మారినా సరే. మీది ఎర్రవాడికి 115-113, జడ్జిది నీలంవాడికి 115-113 అయితే మీ ఇద్దరికీ తేడా రెండే రౌండ్లు. దానికి దొంగతనం అనే మాట వాడకండి. అలా కాక జడ్జి ఎర్రవాడికి 118-110 అంటే, పది రౌండ్లు అతనికే ఇవ్వాలి. స్పష్టమైనవీ ప్రశ్నార్థకాలూ కలిపినా ఎనిమిదే. మిగతా రెండూ ఎక్కడినుంచి తెచ్చారు? అప్పుడు అడగండి, గట్టిగా అడగండి.

ప్రశ్నార్థకం రౌండును తేల్చేటప్పుడు మీరు పేజీ పైన రాసుకున్న వాక్యం చూడండి. వరస ప్రకారం ఒక్కొక్కటీ అడగండి, మొదట తేడా ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగండి. "పోయిన రౌండు వాడికిచ్చాను, ఇది వీడికిద్దాం" అని పంపకాలు చేయకండి. ఇది కొబ్బరిముక్కలు పంచడం కాదు. "ఛాంపియన్‌ని గట్టిగా కొట్టి గెలిస్తే తప్ప బెల్టు తీసుకోకూడదు" అనే మాట కూడా వింటుంటారు. ఏ రూలుబుక్కులోనూ అది లేదు. రౌండుకు ఛాంపియన్ ఎవరో తెలియదు.

ప్రశ్నార్థకాలు ఎక్కువున్న పోటీ చూడాలంటే 2024 అక్టోబర్‌లో రియాద్‌లో ఆర్తుర్ బెతెర్బియెవ్, ద్మిత్రీ బివోల్ పోటీ పెట్టుకోండి. బివోల్ వేగంగా సూటి దెబ్బలు కొట్టి జారుకుంటాడు. బెతెర్బియెవ్ రోడ్డు రోలర్‌లా ముందుకొస్తాడు, బరువుగా కొడతాడు, వాటిలో చాలా భాగం గ్లవ్స్ మీద పడతాయి. లెక్కల మనిషికీ బరువు మనిషికీ ఇంతకంటే మంచి పంచాయితీ దొరకదు. కార్డులు 114-114, 115-113, 116-112, బెతెర్బియెవ్ గెలిచాడు. 2025 ఫిబ్రవరిలో మళ్లీ తలపడితే కార్డులు అవే మూడు, 114-114, 115-113, 116-112. ఈసారి బివోల్ గెలిచాడు.

6. ఒలింపిక్ బాక్సింగ్‌కి లెక్క వేరు

మన తెలుగువాళ్లలో ఎక్కువమంది బాక్సింగ్ చూసేది నిఖత్ జరీన్ కోసం. అది అమెచ్యూర్ బాక్సింగ్: మూడు రౌండ్లు, ఐదుగురు జడ్జిలు. ఇక్కడా 10-9 పద్ధతే, కానీ నిలకడగా శుభ్రమైన దెబ్బలు తగిలించేవాడికి మొగ్గు ఎక్కువ. పన్నెండు రౌండ్లలోలా నెమ్మదిగా పొట్ట మీద కొట్టి అలసట పెట్టే తీరిక ఉండదు. మొదటి రౌండు పోతే మూడోవంతు పోటీ పోయినట్టే.

ఈ పద్ధతి వెనక ఒక చరిత్ర ఉంది. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికాకు చెందిన రాయ్ జోన్స్‌ని కొరియా బాక్సర్ పార్క్ సీ-హున్ చేతిలో 3-2తో, అంటే ఐదుగురు జడ్జిల్లో ముగ్గురు పార్క్ వైపు ఉండగా, ఓడించారు. తగిలిన దెబ్బల లెక్క జోన్స్‌వి 86, పార్క్‌వి 32. ఓడినవాడికే ఆ ఒలింపిక్స్ ఉత్తమ బాక్సర్ ట్రోఫీ కూడా ఇచ్చారు! ఆ గొడవతో 1992 బార్సిలోనా నుంచి మిషన్ తెచ్చారు. ఐదుగురిలో ముగ్గురు ఒక్క సెకను లోపల ఒకే బటన్ నొక్కితేనే దెబ్బ లెక్కలోకి వచ్చేది. అంటే లెక్కల మనిషిని యంత్రంలో కూర్చోబెట్టారన్నమాట. దాంతో బాక్సర్లు అందరికీ కనిపించేలా తలకు ఒక్కో దెబ్బ కొట్టి వెనక్కి పరుగెత్తడం నేర్చుకున్నారు. దగ్గరగా ఆడుతూ పొట్ట మీద గబగబా కొట్టిన దెబ్బలు ముగ్గురి వేళ్లకూ ఒకేసారి అందేవి కావు. 2013లో దాన్ని వదిలి 10-9కి వచ్చారు. తూకంరాయి మారిస్తే ఆటే మారిపోతుందనడానికి ఆ ఇరవై ఏళ్లూ సాక్ష్యం.

ఇక్కడ స్కోరు చదివేటప్పుడు 5-0 చూసి ఏకపక్షం అనుకోకండి. 2022 మేలో ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ ఛాంపియన్ అయిన ఫైనల్ గుర్తుందా? థాయ్‌లాండ్‌కి చెందిన జిత్‌పాంగ్ జుతామస్ మీద 5-0. కార్డులు విప్పి చూస్తే రెండు 30-27, మూడు 29-28. అంటే ఐదుగురిలో ముగ్గురు ఒక రౌండు థాయ్ అమ్మాయికి ఇచ్చారు. ఆ ముగ్గురూ ఇంకొక్క రౌండు అటు రాసి ఉంటే బంగారం పోయేది. నిజామాబాద్‌లో టపాసులు పేల్చినవాళ్లకు ఆ రాత్రి ఈ లెక్క అక్కర్లేదు, మనకు కావాలి.

టోక్యోలో మేరీ కోమ్‌కి జరిగింది ఇంకా విచిత్రం. 2021 జులైలో కొలంబియాకు చెందిన ఇంగ్రిట్ వలెన్సియాతో పోటీ. మొదటి రౌండులో ఐదుగురిలో నలుగురు వలెన్సియా వైపు. రెండో రౌండు 3-2, మూడో రౌండు కూడా 3-2, రెండూ మేరీకే. మూడింట రెండు రౌండ్లు గెలిచింది కదా, మరి 2-3తో ఎలా ఓడింది? అక్కడ రౌండ్లను కూడరు. ఒక్కో జడ్జి కార్డును విడిగా కూడి, ఎక్కువ కార్డులు ఎవరివో చూస్తారు. ఇది ఎలా సాధ్యమో తెలియడానికి ఇలా ఊహించుకోండి (అసలు కార్డులు కావు, నేను వేసిన ఉదాహరణ): మొదటి జడ్జి మూడు రౌండ్లూ మేరీకి ఇచ్చారు. రెండో జడ్జి చివరి రెండూ ఇచ్చారు. మూడో జడ్జి రెండో రౌండు ఒక్కటే, నాలుగో జడ్జి మూడో రౌండు ఒక్కటే ఇచ్చారు. ఐదో జడ్జి ఏదీ ఇవ్వలేదు. రౌండు రౌండుగా లెక్కపెడితే 1-4, 3-2, 3-2. కార్డులుగా చూస్తే మేరీకి రెండు, వలెన్సియాకి మూడు. కాబట్టి ఇంట్లో ముగ్గురు నలుగురు కలిసి స్కోరు వేసేటప్పుడు కూడా ఎవరి పేజీ వాళ్లే కూడుకోండి.

7. ఇప్పుడు సాధన

మొదటి వారం ఒక్క పోటీ చాలు, హ్యాగ్లర్-లెనార్డ్ పెట్టుకోండి. ఫలితం తెలిసినా నష్టం లేదు. పేజీ పైన లెక్కల మనిషి వాక్యం రాసి, మ్యూట్‌లో, చుక్కలతో, ప్రశ్నార్థకాలతో పన్నెండు రౌండ్లూ వేయండి. ఆ పేజీ మడిచి పెట్టేయండి. వారం ఆగి, కొత్త పేజీ మీద బరువు మనిషి వాక్యం రాసి మళ్లీ వేయండి.

నావి మొదటిసారి లెనార్డ్‌కి 115-113, రెండోసారి 114-114 వచ్చాయి. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూస్తే మారింది ఒక్క ఐదో రౌండే. రెండు పేజీల్లోనూ దాని పక్కన ప్రశ్నార్థకం ఉంది.

మీవి వచ్చాక మొత్తాలు పోల్చకండి. రౌండు రౌండుగా పోల్చండి. రాయి మార్చినప్పుడు ప్రశ్నార్థకం ఉన్న రౌండ్లు మారితే మీ చేయి కుదిరినట్టే. ప్రశ్నార్థకం లేని రౌండు మారితే మాత్రం ఆ మూడు నిమిషాలు వెనక్కి తిప్పి, శబ్దం లేకుండా, మళ్లీ చూడండి.